ఎడమ మలుపులు

ర్యాలీ కార్లు నడపాలన్న సరదా ఉన్న పిల్లలు అప్పుడప్పుడు నన్ను వెతుక్కుంటూ వస్తారు. ఇప్పుడు నేను గాజువాక దగ్గర ఒక యార్డులో పోర్టు ట్రైలర్లు నడిపేవాళ్ళకి పాఠాలు చెబుతున్నాను. వచ్చినవాళ్ళు ముందు కప్పుల గురించే అడుగుతారు. కప్పులన్నీ మా నాన్న గదిలో ఉన్నాయి, వెళ్ళి చూడండి, ఒక్కోదాని గురించి అరగంట చెబుతాడు అంటాను. నా దగ్గర వేరే కథ ఉంది. సొంత తమ్ముణ్ణి నాలుగు నెలలు దొంగను చూసినట్టు చూసిన కథ. అదెవరూ అడగరు. అందుకే రాస్తున్నాను.

మా నాన్న ఉక్కు కర్మాగారంలో మెయింటెనెన్స్ ఫిట్టరు. ఏడాది పొడుగునా సెలవులు దాచుకుని ర్యాలీలకు పోయేవాడు. పక్క సీట్లో అమ్మ. పెళ్ళైన రెండో ఏడు, రావలసిన నావిగేటరు రాకపోతే, కోపంలో అమ్మను ఎక్కించాడట. పన్నెండేళ్ళ దాకా ఆమె ఆ సీటు దిగలేదు. ఉక్కునగరం క్వార్టర్లలో మిగతా ఇళ్ళ వాళ్ళు భోజనాల దగ్గర షిఫ్టుల గురించి మాట్లాడుకుంటే, మా ఇంట్లో మలుపుల గురించి మాట్లాడుకునేవాళ్ళం. నాకు పద్దెనిమిదేళ్ళు వచ్చేసరికి నాన్న పాత కారు నా చేతికొచ్చింది. ఆ తర్వాత మూడేళ్ళకి నా తమ్ముడు నా పక్కన కూర్చున్నాడు. మా వైపు అక్కని అప్పా అంటారు, వాడూ నన్ను అలాగే పిలుస్తాడు. అక్కాతమ్ముళ్ళం పదమూడేళ్ళు ఒకే కారులో పందేలు ఆడాం.

తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క చెప్పాలి. ర్యాలీలో కార్లన్నీ కలిసి పరుగెత్తవు. మూసేసిన మట్టిరోడ్డు ముక్క మీద, దాన్నే స్టేజీ అంటాం, ఒక్కో కారునీ విడిగా వదులుతారు. ఎవరికి తక్కువ సమయం పడితే వాళ్ళది గెలుపు. పందేనికి ముందు ఆ రోడ్డు మీద నెమ్మదిగా ఒకసారి వెళ్ళనిస్తారు. అప్పుడు డ్రైవరు ప్రతి మలుపుకీ ఒక అంకె చెబుతుంది, నావిగేటరు పెన్సిలుతో పుస్తకంలో రాసుకుంటాడు. ఆరు అంటే కాలు తీయక్కర్లేని మలుపు. ఒకటి అంటే దాదాపు వెనక్కి తిరిగిపోయే మలుపు. పందెం రోజు ఆ అంకెలు హెల్మెట్‌లో వినబడుతుంటే, మలుపు కంటికి ఆనకముందే కాళ్ళూ చేతులూ సిద్ధమవుతాయి. ఆ గొంతును నమ్మితేనే అదంతా జరుగుతుంది.

ఆ ఏడాది మూడో ర్యాలీలో నేను వెనకబడటం మొదలైంది. ఓడిపోవడం కొత్త కాదు. కానీ ఎక్కడ పోతోందో తెలియకుండా సెకన్లు పోవడం కొత్త. మా మెకానిక్ వన్‌టౌన్ మనిషి, నాన్న కాలం నుంచి ఉన్నవాడు, మేమంతా చాచా అని పిలుస్తాం. ఇంజిను మొత్తం విప్పి చూశాడు. రెండు రోజుల తర్వాత చేతులు తుడుచుకుంటూ, "ఇంజిన్లో ఏటీ లేదు బేటీ. కారు బాగానే ఉంది. కార్లో కూకున్నోళ్ళ సంగతి సూసుకో," అన్నాడు.

ఆయన ఏ ఉద్దేశంతో అన్నాడో గాని, నాకు మాత్రం ఆ మాట దిగబడిపోయింది. కార్లో ఉన్నది ఇద్దరం. నేను నాలాగే నడుపుతున్నాను. మరి రెండోవాడు?

ఆ తర్వాతి ర్యాలీలో తమ్ముడు టైము కార్డు మీద సంతకం పెట్టించడానికి దిగినప్పుడు, సీటు మీద వదిలేసిన పుస్తకం తీశాను. ఎండకు వాలుగా పెట్టి చూస్తే కాగితం మీద చెరిపిన గుర్తులు కనబడ్డాయి. నేను అయిదు అని చెప్పిన చోట నాలుగు. నాలుగు ఉండాల్సిన చోట మూడు. ఒక్క స్టేజీలోనే పదకొండు. అంటే నేను పూర్తి వేగంతో పోగలిగిన మలుపుల్లో నా తమ్ముడు నా కాలు పట్టుకుని వెనక్కి లాగుతున్నాడు. పుస్తకం ఉన్నచోటే పెట్టేశాను. అతను వచ్చి కూర్చుని బెల్టు బిగించుకుని, "అంతా సరేనా అప్పా?" అన్నాడు. సరే అన్నాను.

నిలదీసి అడగాల్సింది. అడగలేదు. పట్టుకోవాలనుకున్నాను. అడగడానికీ పట్టుకోవడానికీ ఎంత తేడా ఉందో తర్వాత తెలిసింది.

అప్పటి నుంచి అతను చేసే ప్రతి పనికీ రెండో అర్థం కనబడేది. ఫోను పట్టుకుని పక్కకి వెళితే ఎవరితో అనుకునేదాన్ని. మాతో పోటీ పడే టీం మేనేజరుతో మద్దిలపాలెం డిపో ఎదురుగా టీ తాగుతున్నాడని చాచా చెప్పాడు. "రెండుసార్లు సూసేను బేటీ. ఊరికే టీ కోసం అయితే మన గేరేజీ పక్కన దొరకదేటి?" అన్నాడు. అదే వారంలో ఆ జంక్షన్లో నా కారు ఎడమ అద్దం ఆటోకి రాసుకుని విరిగింది. తమ్ముడు పక్కనే ఉన్నాడు.

"అప్పా, ఆటో కనబళ్ళేదా?"

"ఆడే మీదికొచ్చేడు."

"ఆడు ఆగే ఉన్నాడే. ఒకపాలి కళ్ళు సూపించుకోరాదా?"

"నువ్వు నీ పుస్తకం సూసుకో. నా కళ్ళు నాను సూసుకుంటాను," అన్నాను. పుస్తకం అన్నప్పుడు అతని మొహం కేసే చూశాను. తల తిప్పుకున్నాడు. దొరికాడనుకున్నాను. నా తప్పులన్నీ మూటగట్టి రేపు ఆ మేనేజరుకి చెబుతాడు కాబోలనుకున్నాను.

సాక్ష్యం కావాలి కదా. చివరి ర్యాలీకి ముందు, రోడ్డు చూసి వచ్చిన రోజు, అతను స్నానానికి వెళ్ళినప్పుడు పుస్తకంలో ప్రతి పేజీనీ ఫోనులో ఫోటో తీసుకున్నాను. మర్నాడు పొద్దున్న మళ్ళీ తీశాను. పక్కపక్కన పెట్టి చూస్తే తొమ్మిది అంకెలు మారాయి. టిఫిన్ తినేటప్పుడు మామూలుగా అడిగినట్టు అడిగాను.

"నోట్సులో ఏటైనా మార్సేవా?"

"లేదప్పా. అలికినయ్యుంటే సాపుగా రాసేను, అంతే," అన్నాడు, ఇడ్లీ మీంచి కళ్ళెత్తకుండా.

నా మొహం మీదే అబద్ధం. ఇక నాకు అనుమానం లేదు. అనుమానం పోయి నమ్మకం వచ్చింది, అది ఇంకా ప్రమాదం.

ఆ పందెం ఊరికి ఉత్తరాన కొండల అంచున, జీడితోటల మధ్య ఎర్రమట్టి రోడ్డు మీద. రెండో స్టేజీలో ఒక ఎడమ మలుపు ఉంది. నేను అయిదని రాయించాను. గుర్తుంది. వేగంగా దాని మీదికి పోతుండగా హెల్మెట్‌లో తమ్ముడి గొంతు, "ఎడమ మూడు. లోపలికి కొయ్యకు, కల్వర్టు. మూడప్పా, మూడు!" అంది. అతనెప్పుడూ ఒక అంకెను మూడుసార్లు చెప్పడు. ఇంకెవరైనా అయితే కాలు తీసేవాళ్ళు. నేను మాత్రం, ఇంతగా చెబుతున్నాడంటే ఇక్కడ ఎంత లాక్కుందామనుకుంటున్నాడో అనుకున్నాను. అయిదులాగే తీసుకుని, మలుపు లోపలి అంచుకి దగ్గరగా కోశాను.

కల్వర్టు గోడ అతని వైపు తగిలింది. కారు లేచి, పక్కకి పడి, కొంతదూరం అలాగే జారింది.

నాకు గీతలు తప్ప ఏమీ కాలేదు. అతనికి ఎడమ చెయ్యి రెండుచోట్లా, మెడ కింది ఎముకా విరిగాయి. ఆస్పత్రిలో మత్తు వదిలాక అతను అడిగిన మొదటి మాట, "అప్పా, నీకేటీ అవలేదు కదా?" అని. నేను జవాబు చెప్పకుండా బయటికి వచ్చేశాను. నటన అనుకున్నాను. ఇప్పుడు ఈ వాక్యం రాయడానికి రెండు రోజులు పట్టింది.

మనిషికి దెబ్బ తగిలింది కాబట్టి నిర్వాహకులు విచారణ కమిటీ వేశారు. కమిటీ ముందు నేను ఫోనులో ఫోటోలు చూపించాను. నా నావిగేటరు నాకు తెలియకుండా నోట్సు మార్చాడు, అందుకే ఆ మలుపు దగ్గర అతని మాట నమ్మలేకపోయాను అన్నాను. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. అన్నీ నిజాలే పెట్టి ఒక మనిషిని ముంచొచ్చని ఆ రోజు నేర్చుకున్నాను. వాళ్ళు అతన్ని అడిగారు.

"మార్సింది నానే సార్."

"ఎందుకు?"

అతను నా వైపు చూశాడు. "సెప్పడానికేటీ లేదు సార్," అన్నాడు.

నోట్సు తారుమారు చేస్తే నావిగేటరు లైసెన్సు పూర్తిగా పోతుంది. తుది విచారణ రెండు వారాలకు పెట్టారు. ఇంట్లో నాన్న తమ్ముడితో మాట్లాడటం మానేశాడు. వాడు వింటుండగానే, "రాసిన అంకె మార్సినోడు నా కొడుకు కాడు," అన్నాడు. అమ్మ మాత్రం ఎవర్నీ ఏమీ అనలేదు. ఒకరోజు పొద్దున్న వంటింట్లోంచి వచ్చి చేతులు తుడుచుకుని, "ఆ ఫోటోలు నాకు సూపించు," అంది. కళ్ళజోడు పెట్టుకుని, ఫోను పెద్దది చేసుకుంటూ చాలాసేపు చూసింది. పాత, కొత్త, పాత, కొత్త.

"కారు తియ్యి. ఆ రోడ్డుకి ఎల్దాం."

"ఎందుకమ్మా?"

"ఎల్దాం అన్నాను కదేటే."

మోకాళ్ళ నొప్పులతో ఎడమ సీట్లో సర్దుకుని కూర్చుంది. నేను నడుపుతుండగా ఆమె ఆ సీట్లో నోట్సు పట్టుకుని కూర్చోవడం అదే మొదలు. రోడ్డు మామూలుగా తెరిచి ఉంది, ట్రాక్టర్లూ మేకలూ తిరుగుతున్నాయి. స్టేజీ మొదలైన చోటి నుంచి నెమ్మదిగా పోనిచ్చాను. ప్రతి మలుపుకీ, "ఎంత?" అని అడిగేది. నేను అంకె చెప్పేదాన్ని. ఆమె మాట్లాడకుండా ఫోను చూసి, రోడ్డు చూసి, ఊ అనేది. కుడి మలుపులకి ఊ అంది. ఎడమ మలుపులకి ఏమీ అనలేదు. కల్వర్టు మలుపు వచ్చింది.

"ఎంత?"

"అయిదు."

"ఆపు. దిగి సూడు."

దిగి నడిచాను. నడుస్తుంటే మలుపు లోపలికి, ఇంకా లోపలికి ముడుచుకుపోయింది. కల్వర్టు తెల్ల గోడ మీద మా కారు నీలం రంగు ఇంకా అంటుకునే ఉంది. ఎవరు చూసినా మూడే.

"ఇప్పుడు ఎల్లి కార్లో కూకో. తిన్నగా రోడ్డు కేసి సూడు. గోడ కనబడతందేటి?"

కూర్చుని తిన్నగా చూశాను. గోడ లేదు. మెడ తిప్పితే ఉంది. మళ్ళీ తిన్నగా చూస్తే లేదు.

అమ్మ కారు చుట్టూ తిరిగి నా తలుపు దగ్గరికి వచ్చింది. ఏమీ చెప్పకుండా నా కుడి కంటి మీద అరచెయ్యి పెట్టింది. "ఎదురుగా కిలోమీటరు రాయుంది. సదువు."

రాయే కాదు, రోడ్డే సగం లేదు. మధ్యలో పొగ పట్టిన చిన్న కిటికీ లాంటిది మిగిలింది. చుట్టూ ఏమీ లేదు. చీకటి కూడా కాదు, అసలు ఏమీ లేకపోవడం.

"సెయ్యి తియ్యమ్మా," అన్నాను.

తియ్యలేదు. ఇంకాసేపు ఉంచి, అప్పుడు తీసింది. "ఆడు మార్సినయ్యన్నీ ఎడం పక్కయ్యే. కుడి పక్కయ్యి ఒక్కటీ ముట్టుకోలేదు. నాలుగు నెల్లు ఆడి ఎనక తిరిగేవు, ఫోటోలు తీసేవు, ఇది సూసుకోలేదేటే నువ్వు?"

చూసుకోలేదు. మార్చాడా లేదా అని మాత్రమే చూశాను. ఏవి మార్చాడో చూడలేదు. పక్కనున్న మనిషి మోసం చేస్తున్నాడని ఒకసారి అనుకున్నాక, ఇక వివరాలతో పనుండదు.

తిరుగు ప్రయాణంలో కారు ఎవరు నడపాలన్నది పెద్ద సమస్యైంది. అమ్మకి డ్రైవింగు రాదు. చాచాకి ఫోను చేసి, ఆయన బస్సెక్కి వచ్చేదాకా ఒక జీడిచెట్టు నీడలో కూర్చున్నాం. అప్పుడు అమ్మ ఒక సంగతి చెప్పింది. నాన్న ప్రమోషన్ వచ్చి, డ్యూటీలు పెరిగి ర్యాలీలు మానేశాడని మేం చిన్నప్పటి నుంచి విన్నాం. అది కాదట.

"మీ నాన్నకి ఆఖరేడు బ్రేకు మీదకి కాలు ఆలీసంగా పడతండీది. నాను అంకెలు మార్సలేదు. మొహం మీదే సెప్పేసేను. మూడు నెల్లు నాతో మాటాళ్ళేదు. అదంతా నీ తమ్ముడు సూసేడు. అప్పటికి ఆడికి ఏడేళ్ళు. నువ్వు సూళ్ళేదు, నువ్వెప్పుడూ కారు కిందే ఉండీదానివి."

కంటి ఆస్పత్రిలో నీటికాసులు, అంటే గ్లకోమా అన్నారు. ఒక కన్ను నెమ్మదిగా పోతుంటే రెండోది దాని పని కూడా చేసేస్తుందట, అందుకే మనిషికి తెలియదట. పోయిన చూపు రాదు, చుక్కలు వేసుకుంటే మిగిలింది నిలుస్తుంది అన్నారు. ప్రతి ఏడూ ఫిట్‌నెస్ పరీక్ష చేయించుకునేదాన్నే. కాని మేం వెళ్ళే డాక్టరు గదిలో అక్షరాల చార్టు నాన్న కాలం నుంచీ అదే. మా ఇంటిల్లిపాదికీ కంఠతా వచ్చు. ఆయన ఎడమ కన్నుతో చదవమన్నా నేను గడగడా చదివేసేదాన్ని, చదువుతున్నాననే అనుకుంటూ.

నాన్నకి అమ్మే చెప్పింది. ఆ సాయంత్రం ఆయన తమ్ముడి గదిలోకి వెళ్ళి, కట్టు కట్టిన చెయ్యి కింద దిండు సరిచేసి వచ్చాడు. ఆయనకి అంతకన్నా రాదు.

తుది విచారణ నాటికి నా ముందు రెండు దారులున్నాయి. ఊరుకుంటే తమ్ముడి లైసెన్సు పోతుంది, నాది ఉంటుంది. నోరు విప్పితే నాది పోతుంది. ఇందులో ఆలోచించడానికేముందని మీకనిపించవచ్చు. నేను ముందురోజంతా ఆలోచించాను. ఒకే కన్నుతో కూడా జాగ్రత్తగా నడపవచ్చేమో, వాడు అంకెలు సరిగ్గా చెబితే చాలేమో అని కూడా అనుకున్నాను. పదహారేళ్ళు చేసిన పని మనిషి చేత ఎలాంటి ఆలోచనలైనా చేయిస్తుంది.

కమిటీ మద్దిలపాలెంలో ఒక మేడ మీద కూర్చుంది. తమ్ముడు చెయ్యి మెడకి వేలాడేసుకుని మూల కుర్చీలో ఉన్నాడు. నా పేరు పిలవగానే లేచి ఆస్పత్రి కాగితాలు ఛైర్మన్ ముందు పెట్టాను. "అతను మార్చిన ప్రతి అంకె సరైనదేనండి. నేను రాయించినవే తప్పు. నాకు ఎడమ పక్క కనబడటం లేదు," అన్నాను.

ఆయన రెండుసార్లు చదివాడు. "ఎన్ని ర్యాలీలు ఇలా నడిపారు?"

"తెలీదండి."

"అదేనమ్మా భయం," అన్నాడు. తర్వాత తమ్ముడి వైపు తిరిగి, "నీకు ముందే తెలుసా?" అని అడిగాడు.

"మూడో ర్యాలీ నుంచి అనుమానం సార్."

"మరి చెప్పకుండా పక్కన కూర్చుని అంకెలు మారుస్తావా? రోడ్డు పక్కన జనం ఉండరా?"

తమ్ముడు తల దించుకున్నాడు. ఛైర్మన్ అన్నది న్యాయమే. నన్ను కాపాడాననుకుని వాడు ఎంతమంది ప్రాణాలతో ఆడాడో వాడికీ ఆ గదిలోనే తెలిసింది. తారుమారు ఆరోపణ కొట్టేశారు. తెలిసీ దాచినందుకు వాణ్ణి ఒక సీజను పక్కన పెట్టారు. నా లైసెన్సు నేనే తీసి బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని వెంటనే తీసుకోలేదు, కాసేపు అలాగే ఉంచాడు. అది ఆయన మర్యాద.

ఇద్దరం కిందికి దిగి గాజువాక బస్సెక్కాం. ఒకరికి చెయ్యి లేదు, ఒకరికి కన్ను లేదు. కప్పులు గెలిచిన జంట సిటీ బస్సులో నిలబడింది. కాసేపటికి సీటు దొరికింది. పోర్టు వైపు లారీల వరుస పక్కన బస్సు ఆగి ఆగి పోతోంది. అప్పుడు అడిగాను.

"నాకు సెప్పొచ్చు కదరా."

"సెప్పేను కదా. కళ్ళు సూపించుకో అన్నాను."

"ఒక్కసారి."

"నువ్వు ఒక్కసారైనా ఇన్నావేటి?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "సెప్తే మానేత్తావని. సీజనయ్యాక సెబుదామనుకున్నాను," అన్నాడు.

"ఆ మేనేజరుతో టీ ఏటి మరి?"

కిటికీ బయటికి చూశాడు. "వచ్చే ఏడు ఆళ్ళ కార్లోకి రమ్మన్నాడు. వస్తానన్నాను. నువ్వు మానేత్తే నాను ఎవరి పక్కన కూకోవాలప్పా? నాకొచ్చిన పని అదొక్కటే," అన్నాడు.

అంటే నా అనుమానంలో ఒక ముక్క నిజమే. నాకు కోపం రావాలి. వచ్చింది కూడా, రెండు స్టాపుల దాకా ఉంది. తర్వాత ఏమైందో తెలియదు, నవ్వొచ్చింది. నాలుగు నెలలు వాడి వెనక తిరిగి నేను పట్టుకున్న నేరం, నా తర్వాత కూడా వాడు బతకాలనుకోవడం. ఒక సీజను ఆగి వాడు ఆ కారులోనే కూర్చున్నాడు. ఇప్పటికీ కూర్చుంటున్నాడు. మంచి నావిగేటరని పేరు.

మా స్టాపు వచ్చింది. ముందు తను దిగి, బాగున్న చెయ్యి నా వైపు చాచాడు. బస్సు రోడ్డంచుకి దూరంగా ఆగింది. కింద ఏముందో నాకు కనబడలేదు.

"ఎడం పక్క మెట్టు. లోతుగా ఉంది. కింద నీళ్ళు, కాస్త ముందుకెయ్యి," అన్నాడు.

నేను కిందికి చూడలేదు. వాడు చెప్పిన చోట అడుగు వేశాను.